చేతికందే ఎత్తులో

గిజుభాయి బధేకా స్మారకోపన్యాస పాఠం



గిజుభాయి బధేకా పేరున మాట్లాడమని నన్ను పిలిచారు. ఆయన 1885లో సౌరాష్ట్రలో పుట్టారు. వకీలుగా పనిచేశారు. కొడుకు పుట్టాక వాణ్ణి ఎలా పెంచాలా అని పుస్తకాలు వెతుక్కుంటూ విద్యావేత్త మాంటిస్సోరి రచనల దాకా వెళ్ళారు. ఆ తర్వాత ఆయన మనసు కోర్టులో నిలవలేదు. 1916లో భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరి, 1920లో అక్కడే బాలమందిరం తెరిచారు. గుజరాతీలు ఆయన్ను ‘మీసాల అమ్మ’ అని ప్రేమగా పిలుచుకున్నారు. 1939 జూన్‌లో, యాభై నాలుగేళ్ళు నిండకుండానే పోయారు. అదే ఏడాది చివర్లో మాంటిస్సోరి మద్రాసు వచ్చి అడయారులో శిక్షణ తరగతులు మొదలుపెట్టారు. తన దారి మళ్ళించిన మనిషి ఈ దేశంలో అడుగుపెట్టేనాటికి ఆయన లేరు.

ఆయన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటికల’గా వచ్చింది. మీలో చాలామంది చదివే ఉంటారు. లక్ష్మీరాం అనే మాస్టారు ప్రయోగం చేసి చూపిస్తానని విద్యాధికారిని ఒప్పించి ఏడాదిపాటు నాలుగో తరగతి తీసుకుంటాడు. మొదటి రోజు మౌనం ఆట ఆడిద్దామనుకుంటాడు. మాంటిస్సోరి బడుల్లో ఆ ఆటకు చాలా పేరు. పిల్లలంతా కదలకుండా మెదలకుండా కూర్చుని, మామూలప్పుడు చెవిన పడని చిన్న చిన్న చప్పుళ్ళు వింటారు. మాస్టారు ‘ఓం శాంతి’ అన్నాడు. పిల్లలు నవ్వారు, అరిచారు, చప్పట్లు కొట్టారు. చివరికి సెలవిచ్చి ఇళ్ళకు పంపేయాల్సి వచ్చింది. మర్నాడు కథ మొదలుపెట్టాడు, తరగతి కుదుటపడింది.

ఈ ఘట్టాన్ని కథ గొప్పదనం చెప్పడానికి ఎత్తుకుంటారు. నాకు అందులో ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. మాంటిస్సోరి బడిలో కుదిరిన ఆట లక్ష్మీరాం తరగతిలో ఎందుకు కుదరలేదు? అక్కడి పిల్లలు అప్పటికే రోజూ తమ సామాను తామే తెచ్చుకుని, తమ పని తామే చేసుకుని, తమ చేతినీ కాలినీ అదుపు చేసుకోవడం అలవాటు చేసుకున్నవాళ్ళు. ఇక్కడి పిల్లలకు నిన్నటిదాకా దక్కినవి వరసలో కూర్చోవడం, అప్పజెప్పడం, దెబ్బలు తినడం. ఆట ఒక్కటే ఊడబెరుక్కొచ్చి మరో చోట పెడితే నిలవదు. దాని వెనక ఒక గది ఉండాలి, ఆ గదికి ఒక అలవాటు ఉండాలి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ గది గురించే.

పిల్లలు ఎక్కడైనా ఆడుకుంటారు, వాళ్ళకోసం గది సర్దడం ఎందుకని అడిగేవాళ్ళున్నారు. నిజమే, ఇసుక కుప్ప దొరికితే పిచ్చుక గూళ్ళు కడతారు, పెళ్ళిపందిట్లో కుర్చీల కింద దూరతారు. కానీ ఆట మొదలవడం వేరు, నిలవడం వేరు. రెండు నిమిషాలకొక వస్తువు పట్టుకుని వదిలేసే ఆటలో పిల్లలకు చిక్కేది తక్కువ. ఒకే ఆటలో అరగంట మునిగి, మధ్యలో తగాదా పడి, తగాదా తీర్చుకుని, మళ్ళీ అందుకున్నప్పుడే ఆలోచన ముదురుతుంది. ఆట అలా నిలవాలంటే సామాను అడగకుండానే చేతికి అందాలి. కట్టుకున్నది ఎవరి కాలో తగిలి కూలిపోని చోటు ఉండాలి. ‘ఇక చాలు, లేవండి’ అని తరమని వేళ ఉండాలి. ఈ మూడూ పిల్లల చేతిలో లేవు, మన చేతిలో ఉన్నాయి.

ఆటకూ చదువుకూ సంబంధం ఏమిటో చూపించే పాత ప్రయోగం ఒకటి చెబుతాను. 1948లో సోవియట్ పరిశోధకురాలు మనుయిలెంకో చిన్నపిల్లలను కదలకుండా నిలబడమని అడిగారు. ఊరికే నిలబడమంటే కొద్దిసేపటికే కదిలిపోయారు. ‘నువ్వు కాపలా సిపాయివి’ అని ఆటలోకి దించితే చాలా ఎక్కువసేపు నిలబడ్డారు. తోటి పిల్లలు అదే గదిలో ఆడుకుంటూ ఉంటే ఇంకా ఎక్కువసేపు నిలబడ్డారు. బుద్ధిగా కూర్చోవడం నేర్పాలని మనం పడే పాట్లన్నీ తలుచుకోండి. మనం బెదిరించి రాబట్టలేని నిగ్రహం ఆటలో పిల్లలు తమంతట తామే చూపిస్తారు. పాత్ర వాళ్ళను పట్టి నిలుపుతుంది. పక్కన ఆడేవాళ్ళుంటే ఆ పాత్రకు బలం వస్తుంది.

ఇక మన గదుల్లోకి వద్దాం. చాలా అంగన్‌వాడీ కేంద్రాల్లో ఆట సామాను ఉంది. ప్రభుత్వం కిట్లు ఇస్తోంది, దాతలూ ఇస్తున్నారు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశగా చూడమంది. 2022లో దానికి పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. 2023లో ‘జాదూయీ పిటారా’ పేరుతో ఆటవస్తువుల పెట్టె వచ్చింది. కాగితం మీద ఆట గెలిచింది. గదిలో మాత్రం ఆ సామాను ఎక్కడుంది? బీరువాలో. బీరువాకు తాళం. తాళంచెవి టీచరమ్మ కొంగుకో, హ్యాండ్‌బ్యాగులోనో. తనిఖీకి ఎవరైనా వస్తే బొమ్మలు బయటికొస్తాయి, ఫోటో అయ్యాక లెక్కపెట్టుకుని లోపలికి వెళ్తాయి.

ఇందుకు నేను టీచర్లను తప్పుపట్టను. ఒక బొమ్మ పోతే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆవిడే. ఈ భయం మన దగ్గర పుట్టిందీ కాదు. 1907లో రోములోని శాన్ లొరెంజో పేటలో మాంటిస్సోరి తెరిచిన మొదటి పిల్లల ఇంట్లోనూ సామాను బీరువాలో పెట్టి తాళం వేసేవారు. టీచరే తీసి పంచి, టీచరే సర్దేది. ఒకరోజు తాళం వేయడం మరిచిపోయింది. ఆవిడ వచ్చేసరికి పిల్లలు బీరువా తెరిచి ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుంటున్నారు. టీచరుకు అది దొంగతనంగా తోచింది. మాంటిస్సోరికి మాత్రం, ఏది కావాలో పిల్లలకు అప్పటికే తెలుసని తోచింది. ఆ తర్వాత పెద్ద బీరువా పోయి పొట్టి అరలు వచ్చాయి. ప్రపంచమంతా మాంటిస్సోరి పద్ధతి అంటున్నదాంట్లో పెద్ద భాగం ఆ ఉదయం నుంచి వచ్చిందేనని నా నమ్మకం.

అర పిల్లల నడుము ఎత్తులో ఉంటే ఏం మారుతుంది? మొదట, ఎంచుకోవడం వాళ్ళ పని అవుతుంది. ఎంచుకున్న పిల్లకు ఆ పని తనదవుతుంది, త్వరగా వదిలిపెట్టదు. రెండోది, ప్రతి వస్తువుకూ ఒక చోటుంటే తీసింది తిరిగి పెట్టడం నేర్చుకుంటుంది. గిన్నెల దగ్గర గిన్నెలు, మూతల దగ్గర మూతలు పెట్టడంలో వర్గీకరణ ఉంది. పెద్దది కింద, చిన్నది పైన పేర్చడంలో క్రమం ఉంది. మనం చార్టు మీద చూపించి చెప్పే గణితం సర్దుకునే వేళ రోజూ జరిగిపోతుంది.

సామాను ఎక్కువుండాలని కూడా లేదు. అమెరికాలో టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో రెండేళ్ళ వయసు పిల్లల ముందు ఒకసారి నాలుగు బొమ్మలు, ఒకసారి పదహారు బొమ్మలు పెట్టి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. కిట్టంతా ఒకేరోజు కుమ్మరించడం కన్నా సగం దాచి, పదిహేను రోజులకోసారి మార్చడం మేలు. బీరువాకు అసలైన పని అది.

గదిలో ఒక్కటే మూల ఏర్పాటు చేయగలమంటే ఏది చేయమంటారని అడిగితే నేను గుజ్జనగూళ్ళ మూలే అంటాను. తెలుగు పిల్లలు తరతరాలుగా ఆడుకున్న ఆట అది. ఉత్తుత్తి పొయ్యి, ఉత్తుత్తి అన్నం, నిజమైన పెత్తనం. చిన్న గిన్నెలు, గరిటెలు, చేట, పాత చీర ముక్కలు, ఒక బుట్ట ఉంటే చాలు. మూడు రాళ్ళ పొయ్యి దగ్గర కూర్చున్న పిల్ల వడ్డన కోసం చెయ్యి చాపిన వాడితో ‘పప్పు ఇంకా ఉడకలే, ఆగు’ అంటుంది. ఆ చిన్న మాటలో ఎంత ఉందో చూడండి. కాలం తెలుసు, కారణం తెలుసు, ఇంటి పెద్దరికం ఎలా మాట్లాడుతుందో తెలుసు. ఆగమన్నవాడు నిజంగా ఆగుతాడు. ఇంట్లో అన్నం కోసం ఒక్క క్షణం ఆగనివాడే.

అక్షరాలకు దారి కూడా ఇక్కణ్ణుంచే ఉంది. డాక్టరాటలో చీపురుపుల్లను థర్మామీటరు అనుకున్న పిల్ల, ఒక వస్తువు మరొకదానికి గుర్తుగా నిలబడగలదని ఒప్పుకుంది. కొన్ని గీతల ముడి ‘అ’ అనే ధ్వనికి గుర్తు అని రేపు ఒప్పుకోవలసింది కూడా ఆ పిల్లే. వస్తువు నుంచి అర్థాన్ని విడదీయడం ఆటలోనే మొదలవుతుందని 1933లో మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ ఒక ఉపన్యాసంలో వివరించారు. అరవై ఏళ్ళ తర్వాత సుసాన్ న్యూమన్, క్యాథలీన్ రాస్కోస్ అనే పరిశోధకులు ఆటల మూలల్లో కాగితాలు, పెన్సిళ్ళు, రోజువారీ వాడుకలో ఉండే రాత సామాను పెట్టి చూశారు. పిల్లలు వాటిని ఆటలోకి లాక్కున్నారు. చదువుతున్నట్టు, రాస్తున్నట్టు ఆడటం బాగా పెరిగింది. మనకు దీనికి ఖర్చే లేదు. కిరాణా కొట్టు చీటీ, ఆర్టీసీ టికెట్లు, పాత కరెంటు బిల్లు, మందుల డబ్బా, పెళ్ళి శుభలేఖ, పాడైన సెల్‌ఫోను చాలు. కొట్టు ఆటలో పిల్లవాడు చీటీ మీద నాలుగు వంకర గీతలు గీసి ‘నూనె ప్యాకెట్టు, రెండు సబ్బులు’ అని చదివాడంటే రాత దేనికి పనికొస్తుందో వాడికి తెలిసిపోయిందన్నమాట. అక్షరాల ఆకారం తర్వాత వస్తుంది.

ఈ మూలకు ఇంకో గుణం ఉంది, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆదిలాబాదు గూడేల్లో, భద్రాచలం మన్యంలో, తండాల్లో పిల్లలు ఇంట్లో గోండీ, కోయ, లంబాడీ మాట్లాడతారు. టీచరమ్మ తెలుగులో పాట పాడిస్తుంటే వెనక కూర్చుని పెదవులు కదిపే పిల్లను ‘మందకొడి’ అనుకుంటాం. అదే పిల్లను గిన్నెల దగ్గర వదిలి చూడండి. తన భాషలో గడగడ మాట్లాడుతుంది, అందరికీ పనులు చెబుతుంది. అక్కడ ఎవరూ ఆ పిల్లను తెలుగులో జవాబు అడగరు. చాలాచోట్ల ఆయా అదే ఊరి మనిషి, ఆ భాష వచ్చిన మనిషి. గిన్నెలు కడిగి, ఊడ్చే పనికే ఆవిణ్ణి పరిమితం చేస్తున్నాం. ఆ మూలలో ఆవిడ అరగంట కూర్చుంటే రెండు భాషల మధ్య వారధి పడుతుంది. గోండీలో ‘ఎందుకు’, ‘తర్వాత’ అనే ఆలోచన గట్టిపడిన పిల్లకు తెలుగులో కొత్తగా కావలసింది మాటలే. ఆలోచన మళ్ళీ మొదటినుంచి కట్టుకోనక్కర్లేదు.

ఇక చెక్కముక్కల సంగతి. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ చిన్నపిల్లల కోసం బడి తెరిచినప్పటి నుంచీ చెక్క దిమ్మలు ఆటగదిలో ఉన్నాయి. 1914లో న్యూయార్కులో బడి పెట్టిన కారొలైన్ ప్రాట్ వాటికి ఒక లెక్క కట్టారు. రెండు చిన్నవి కలిస్తే ఒక పెద్దది, రెండు పెద్దవి కలిస్తే ఇంకా పెద్దది. గోడ కట్టేవాడికి పెద్దముక్క అయిపోతే రెండు చిన్నముక్కలు పెట్టుకోవాలని చేతులే చెబుతాయి. మనకు ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, సహజ రంగులతో తరిణె పట్టిన చక్కని లక్కబొమ్మలున్నాయి. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. తిప్పడానికి, దొర్లించడానికి, పట్టుకోవడానికి అవి బాగుంటాయి. పేర్చడానికి మాత్రం ఊరి వడ్రంగి దగ్గర మిగిలిన తుంటలే మేలు. కొలత ప్రకారం కోయించి, ఉప్పుకాగితంతో నున్నగా చేయిస్తే చాలు. అవి ద్వారానికి ఎదురుగా కాక గోడ వారన ఉండాలి. నడిచే దారిలో కట్టిన కోట నిలవదు, కూలిన ప్రతిసారీ ఒక ఏడుపు, ఒక తగాదా.

గోడల మాట చెబితే కొందరికి నచ్చకపోవచ్చు. కేంద్రాన్ని అందంగా తీర్చిదిద్దడమంటే గోడలన్నీ రంగులతో నింపడమని మన దగ్గర స్థిరపడిపోయింది. ఏనుగు, రైలు, కార్టూన్ బొమ్మలు, ఎబిసిడిలు, అఆఇఈలు, నెలలు, వారాలు, జాతీయ నాయకులు, కూరగాయలు. నేల నుంచి కప్పు దాకా ఖాళీ ఉండదు. 2014లో అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అన్నా ఫిషర్, ఆమె సహచరులు 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలు గోడల నిండా బొమ్మలున్న గదిలో, కొన్ని పాఠాలు ఉత్త గోడల గదిలో చెప్పించారు. బొమ్మల గదిలో పిల్లల చూపు పాఠం మీంచి ఎక్కువసార్లు పక్కకు పోయింది. తర్వాత అడిగిన ప్రశ్నలకు అక్కడ సరైన జవాబులు 42 శాతం, ఉత్త గోడల గదిలో 55 శాతం. ప్రయోగం చిన్నదే, కానీ మన కళ్ళెదుట రోజూ జరిగేది కూడా అదే.

గోడలు వట్టిగా ఉండాలని నేననను. గోడ ఎవరిది అన్నదే ప్రశ్న. 1980లలో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం పెట్టుకున్న సూత్రాల్లో పిల్లలు చేసిన పనిని తరగతి గదిలో ప్రదర్శించడం ఒకటి. అప్పట్లో దారం కట్టి బట్టల పిన్నులతో పిల్లల బొమ్మలు వేలాడదీసిన బడులు చాలానే ఉండేవి. ఆ అలవాటు జారిపోయింది. పెయింటరు వేసిన ఏనుగును పిల్ల మొదటి వారమే చూస్తుంది. తాను గీసిన ఏనుగును వాళ్ళమ్మ వచ్చిన ప్రతిరోజూ వేలు పెట్టి చూపిస్తుంది, దాని కథ చెబుతుంది. గోడ కింది భాగం, పిల్లల కంటి ఎత్తు దాకా, వాళ్ళకు వదిలేద్దాం. నల్లరంగు పూసి సుద్దముక్కలు ఇస్తే ఇంకా మంచిది.

మా కేంద్రం అద్దె గది, అందులోనే బియ్యం బస్తాలు, గుడ్ల ట్రేలు, బాలామృతం ప్యాకెట్లు, ఇంక మూలలెక్కడ అని మీరడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్ళు గిజుభాయి శిష్యపరంపరలోనే ఉన్నారు. 1923లో భావనగర్ వచ్చి ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్, 1945లో అనుతాయి వాఘ్ తోడుగా అప్పటి ఠాణే జిల్లా బోర్డీ గ్రామంలో పని మొదలుపెట్టారు. దళితవాడ పిల్లలు బాలవాడీకి రాలేదు. తారాబాయి వాళ్ళను నిందించలేదు, బాలవాడీనే ఆ ఇళ్ళ ముంగిట్లోకి తీసుకెళ్ళారు. అంగన్‌వాడీ అక్కడే రూపుకట్టింది. ఖరీదైన మాంటిస్సోరి పరికరాల బదులు గవ్వలు, గింజలు, ఆకులు, రాళ్ళు వాడారు. 1975 అక్టోబరు 2న మన దేశం 33 ప్రాజెక్టులతో, అంగన్‌వాడీల మీద నడిచే సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టేనాటికి తారాబాయి చనిపోయి రెండేళ్ళయింది. వాళ్ళు చేసి చూపించినట్టు, గది లేకపోవడం ఇబ్బందే కానీ ఆటకు అడ్డు కాదు. వరండా, వేపచెట్టు నీడ, ఒక బొంత చాలు. బొంత విప్పితే ఆటగది, చుడితే బియ్యం బస్తాల చోటు. కాస్త జాగ్రత్త మాత్రం అవసరం. చింతపిక్కలు, గవ్వలు నాలుగైదేళ్ళ పిల్లలకు లెక్కకు బంగారం. రెండేళ్ళ తమ్ముడు పక్కనుంటే ముక్కులో పెట్టుకుంటాడు, నోట్లో వేసుకుంటాడు. వాడి కోసం పిడికిట్లో దాగనంత పెద్ద వస్తువులు వేరే బుట్టలో ఉంచాలి.

సామాను, చోటు, వేళ కుదిరాక మిగిలింది మనిషి. 1997లో ఇంగ్లండులో మొదలైన ఒక పెద్ద అధ్యయనం మూడు వేల మంది పిల్లలను బడికి ముందు వయసు నుంచీ గమనించింది. బాగా నేర్చుకున్న పిల్లల కేంద్రాల్లో పెద్దవాళ్ళూ పిల్లలూ ఒకే విషయం మీద కలిసి ఆలోచిస్తూ సాగించే సంభాషణలు ఎక్కువగా కనిపించాయి. ‘ఇది ఏం రంగు?’ అని అడగడం సంభాషణ కాదు. అడిగేవాళ్ళకు జవాబు ముందే తెలుసు, పిల్లకూ ఆ సంగతి తెలుసు. గుజ్జనగూళ్ళ దగ్గర నేల మీద చతికిలబడి ‘చుట్టాలు ఇంకా ఇద్దరు వస్తున్నారట, ఏం చేద్దాం?’ అనండి. పిల్ల ఆలోచిస్తుంది. పళ్ళేలు లెక్కపెడుతుంది. అన్నం పంచి చూస్తుంది. ‘చారులో నీళ్ళు కలుపుదాం’ అంటుంది. తర్వాత మీరు కాసేపు ఊరుకోవాలి. మన టీచర్లు ఇందులో తక్కువవాళ్ళు కారు, వాళ్ళకు తీరిక లేదు. తూకాలు, ఎత్తులు, టీకాల రోజు, సరుకు లెక్క, 2021 నుంచి ఫోన్లో పోషణ్ ట్రాకరు. ఉదయం పూట ఒక గంట ఫోను ముట్టక్కర్లేదని ఒక ఉత్తర్వు వస్తే, అది వంద చార్టులకన్నా ఎక్కువ పని చేస్తుంది.

తల్లిదండ్రులతోనూ మాట్లాడాలి. బాసరలో బియ్యంలో వేలు పట్టి రాయించి తెచ్చిన తల్లి, వారం తిరగకముందే పలక ఎందుకు నిండలేదని అడుగుతుంది. ప్రైవేటు బడి ఎల్‌కేజీలో హోంవర్కు ఇస్తున్నారు కదా అంటుంది. ఆ తల్లి ఆరాటం న్యాయమైంది. తనకు దక్కని చదువు బిడ్డకు దక్కాలని ఆవిడ తపన. వాదించి లాభం లేదు, ఒకరోజు పిలిచి కూర్చోబెట్టాలి. మూడేళ్ళ పిల్ల మణికట్టు ఎముకలు ఇంకా గట్టిపడలేదనీ, బంకమట్టి పిసికి, పూసలు గుచ్చి, కాగితం చింపి, గరిటె తిప్పిన వేళ్ళకే పెన్సిలు పట్టు వస్తుందనీ చూపించాలి. తన కూతురు కొట్టు ఆటలో చీటీ ‘చదవడం’ కళ్ళారా చూసిన తల్లికి ఆ తర్వాత ఎక్కువ చెప్పనక్కర్లేదు.

చివరగా, ఇక్కడున్న అధికారులకు ఒక విన్నపం. ఆట సామాను ఇప్పుడు చాలాచోట్ల కుర్చీలు, బీరువాలతో పాటు మన్నికైన వస్తువుల కింద రిజిస్టరుకెక్కుతోంది. అలా ఎక్కినంతకాలం టీచరు దాన్ని కాపాడుతుంది, పిల్లలకు ఇవ్వదు. సుద్దముక్కలు, వంటనూనె లాగా వాడితే అయిపోయే సరుకుల కింద రాయించండి. ఏడాది చివర ఎన్ని మిగిలాయని కాకుండా ఎన్ని అరిగాయి, ఎన్ని విరిగాయి, మళ్ళీ ఏవి కావాలని అడగండి. పగిలిన బొమ్మకు సంజాయిషీ అక్కర్లేదని రాతపూర్వకంగా ఇవ్వండి. కొత్తదనం కోసం కేంద్రానికి ఏటా కొద్దిపాటి డబ్బు టీచరు చేతికే ఇచ్చి, ఊరి వడ్రంగి దగ్గర, కుమ్మరి దగ్గర, సంతలో ఆవిడే కొనుక్కోనివ్వండి. తనిఖీకి వెళ్ళినప్పుడు బీరువా తెరిపించకండి. కింద కూర్చుని, ఆ పూట పిల్లలు ఏం ఆడుతున్నారో ఒక పావుగంట చూసి, అదే నివేదికలో రాయండి.